పెట్టెలో పాత ఫోర్డు.. ఇంటర్వ్యూలో సొంత జవాబు

హాట్ రాడ్ కార్ల మోడల్ కిట్లు చూడటానికి ఆటబొమ్మలే. ఒక్కటి శ్రద్ధగా కడితే మాత్రం డ్రాయింగు చదవడం, కొలత తప్పితే ఏమవుతుందో తెలియడం, చేసిన పనిని నలుగురికీ వివరించడం చేతికొస్తాయి. హనుమాన్ జంక్షన్‌లో ఓ డాబా మీద మొదలైన ఈ సరదా నాకు నేర్పిన పాఠాలివి.

"ఇందులో నువ్వు చేసిందేంటి?"

కాలేజీ అయిపోయాక నేను వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో నాలుగో ప్రశ్న ఇది. టేబుల్ మీద నా ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు ఉంది. గట్టి అట్ట, పైన బంగారు అక్షరాలు, లోపల 80 పేజీలు. సోలార్‌తో నడిచే గడ్డి కోసే యంత్రం. అసలు సంగతి ఏంటంటే, అది మేం చేసింది కాదు. నలుగురం తలా కొంత వేసుకుని కొన్నది. రిపోర్టు కూడా దాంతోపాటే వచ్చింది.

"ఈ షాఫ్టుకి ఈ బేరింగే ఎందుకు వాడారు?" అన్నారాయన. నేను రిపోర్టు వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. గట్టిగా ఒక మాట కూడా అనలేదు. అనుంటే కాస్త తేలికగా ఉండేదేమో.

రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హనుమాన్ జంక్షన్‌లో దించాడు. మా ఊరి సెంటరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోటు, మధ్యలో ఆంజనేయస్వామి గుడి. టీ తాగుతుంటే హైవే మీద వరసగా ఆరేడు లారీ ఛాసిస్‌లు వెళ్లాయి. క్యాబిన్ లేదు, తొట్టి లేదు. రెండు పొడవాటి ఇనుప పట్టాలు, ముందు ఇంజను, ఓ స్టీరింగు, ఓ సీటు. గాలికి, దుమ్ముకి తట్టుకోవడానికి డ్రైవర్లు హెల్మెట్లు పెట్టుకుని తోలుతున్నారు. నాలుగేళ్లు మెకానికల్ చదివాను. రోజూ కాలేజీ బస్సులో వాటి పక్క నుంచే వెళ్లాను. వాటిని ఒక్కసారీ పరీక్షగా చూసింది లేదు. చేతిలో డిగ్రీ ఉంది గానీ, చేత్తో చేసిన వస్తువు ఒక్కటీ లేదని ఆ పొద్దున అర్థమైంది.

ఆ సంక్రాంతికి డల్లాస్ నుంచి మా పెద్దనాన్నగారి అబ్బాయి వచ్చాడు. చాక్లెట్లతోపాటు నా చేతిలో ఓ అట్టపెట్టె పెట్టాడు. పైన 1932 ఫోర్డు కారు బొమ్మ, లోపల వందకు పైగా ప్లాస్టిక్ ముక్కలు. "నువ్వు మెకానికల్ కదరా, కట్టు చూద్దాం" అన్నాడు. నాన్న మాత్రం, "ఉద్యోగం చూసుకోరా అంటే బొమ్మలాటా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నాకూ మొదట అలాగే అనిపించింది.

అసలు హాట్ రాడ్ అంటే?

ముందు ఆ కారు కథ వినండి. ఇది డబ్బున్నవాళ్ల కథ కాదు, మనలాంటివాళ్లదే.

1930ల్లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రాళ్లు చవగ్గా దొరికే పాత ఫోర్డు కార్లు కొనేవారు. బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు, బానెట్ లాంటివి పీకేసేవారు. గాలి తక్కువ తగలాలని పైకప్పు స్తంభాలను కోసి, కప్పును కిందికి దించి మళ్లీ అతికేవారు. ముందు చిన్న టైర్లు, వెనక పెద్ద టైర్లు వేసేవారు. ఇంజనుకు ఒకటికి రెండు కార్బురేటర్లు బిగించేవారు. అలా తయారైన బండిని మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మైదానాలకు తీసుకెళ్లి ఎంత వేగం పోతుందో కొలుచుకునేవారు. ఈ పోటీలను ఒక పద్ధతిలో నడపడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, అక్కడ నేర్చుకున్న మెకానిక్ పనితో ఈ సరదాను ఇంకా పెంచారు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పత్రిక తొలి సంచిక వచ్చింది. మరుసటి ఏడాది బానవిల్ ఉప్పు మైదానంలో 'స్పీడ్ వీక్' మొదలైంది.

వీళ్లకు బాగా నచ్చిన కారు 1932 ఫోర్డు. సంవత్సరంలో చివరి అంకె రెండు కాబట్టి ముద్దుగా 'డ్యూస్' అంటారు. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజనును సామాన్యుడు కొనగలిగే ధరకు ఫోర్డు తెచ్చింది ఆ ఏడాదే. ఆ ఇంజను సుమారు 3.6 లీటర్లది, శక్తి 65 హార్స్‌పవర్. ఇవాళ మన చిన్న కార్ల ఇంజన్లు అందులో మూడో వంతు సైజుతోనే అంత శక్తి ఇస్తున్నాయి. అందుకే అప్పటి కుర్రాళ్లకు 'ఇంకాస్త పిండొచ్చు' అనిపించింది. విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్ తన ఫోర్డు కోసం ఇంధనం, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డును సొంతంగా చేయించుకుని, తర్వాత వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. 1938లో మొదలైన ఆయన సంస్థ పేరు ఇప్పటికీ అమెరికాలో ఆటో విడిభాగాల మీద కనిపిస్తుంది. సరదాగా చేసిన పని నుంచి సంస్థ పుట్టడమనేది స్టార్టప్ అన్న మాట రాకముందు నుంచీ ఉన్నదే.

'ట్రెడిషనల్' హాట్ రాడ్ అంటే ఆ తొలి రోజుల పద్ధతిలో, ఆ కాలంలో దొరికిన రకం భాగాలతోనే కట్టింది. కొత్తరకం అల్లాయ్ వీల్స్, డిజిటల్ మీటర్లు ఉండవు. అంటే 'ఏది పడితే అది తగిలించడం' కుదరదు. ప్రతి భాగానికీ ఒక కారణం చెప్పాలి. నా ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయింది సరిగ్గా అదే.

మన దగ్గర కట్టొచ్చా?

నిజం కారును ఇలా కోసి రోడ్డెక్కిద్దామంటే కుదరదు. రిజిస్ట్రేషన్ వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కాబట్టి బైకు సైలెన్సర్ మార్చి 'నేనూ మోడిఫై చేశా' అంటే అది రెజ్యుమెలో పెట్టుకునేది కాదు, చలానా కట్టుకునేది.

అలాగని చేత్తో బండి కట్టే నైపుణ్యం మన దగ్గర లేదనుకోవద్దు. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్లో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె.సుధాకర్ చేసిన బూటు, బర్గర్, వంకాయ, క్రికెట్ బంతి ఆకారాల కార్లు అక్కడ చూడొచ్చు. అవి అలంకారానికి పెట్టిన బొమ్మలు కావు, నడిచే బండ్లు. 2005లో ఆయన చేసిన భారీ మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుల్లోకెక్కింది. మ్యూజియం 2010లో తెరిచారు. హైదరాబాద్‌కు ఇంటర్వ్యూకి వెళ్తే ఓ పూట వీలు చూసుకుని వెళ్లండి. టికెట్ డబ్బులకు సరిపడా చూడొచ్చు.

ఇవన్నీ కుదరని మనకు దగ్గరి దారి మోడల్ కిట్టు. అమెరికాలో ఏఎంటీ, రెవెల్, మోనోగ్రామ్ సంస్థలు దశాబ్దాల కిందటే హాట్ రాడ్ కిట్లు తెచ్చాయి. 1958లో ఏఎంటీ 'త్రీ ఇన్ వన్' పద్ధతి మొదలుపెట్టింది. ఒకే పెట్టెలోని ముక్కలతో కారును కంపెనీ నుంచి వచ్చినట్టుగానో, మార్పులు చేసినట్టుగానో, రేసు బండిగానో కట్టుకోవచ్చు. ఏది కట్టాలో నిర్ణయం మీదే. నిర్ణయం తీసుకున్నాక దానికి కట్టుబడి ఉండాల్సిందీ మీరే.

పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ పాఠం

పెట్టెలో ముక్కలు విడివిడిగా ఉండవు. ప్లాస్టిక్ పుల్లల చట్రానికి అంటుకుని ఉంటాయి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి పారిన కాలువలే ఆ పుల్లలు. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపి, చల్లారాక బయటికి తోస్తారు. దీన్నే ఇంజెక్షన్ మౌల్డింగ్ అంటాం. మూడో సంవత్సరంలో రెండు మార్కుల ప్రశ్నకు బట్టీ పట్టిన సంగతే.

ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే ఆ రెండు మార్కుల జవాబంతా దానిమీదే రాసి ఉంటుంది. అంచున సన్నటి గీత ఉందా? అచ్చు రెండు సగాలు కలిసిన చోటది. వెనకవైపు చిన్న గుండ్రటి మచ్చలున్నాయా? ముక్కను అచ్చు నుంచి బయటికి తోసిన పిన్నుల గుర్తులు. మందంగా ఉన్నచోట ఉపరితలం కాస్త గుంట పడిందా? చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోయిన ఆనవాలు. నిలువు గోడలు నిటారుగా కాకుండా కొద్దిగా వాలుగా ఉంటాయి. లేకపోతే ముక్క అచ్చులోంచి ఊడిరాదు. ఆ వాలునే డ్రాఫ్ట్ యాంగిల్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తొమ్మిది వారాలు, నాలుగు తప్పులు

పెద్ద పరికరాలేం లేవు. గోళ్లు కత్తిరించే కట్టరు, బ్లేడు, మూడు నాలుగు రకాల ఉప్పుకాగితం, జిగురు, అమ్మ పాత పట్టకారు. పనిచేసే చోటు డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ. తొమ్మిది వారాలు పట్టింది. బాగా జరిగినవాటికంటే చెడిన పనులే ఎక్కువ నేర్పాయి కాబట్టి అవే చెబుతాను.

మొదటి తప్పు: ముందు యాక్సిల్‌ను కత్తిరించకుండా చేత్తో మెలిపెట్టి తెంపాను. అదీ రెండు ముక్కలైంది. కొత్తది ఎక్కడ దొరుకుతుంది? బైకు మెకానిక్ దగ్గర పాత బ్రేకు కేబులు అడిగి, అందులో ఒక తీగ పోగు తీసి, విరిగిన రెండు ముక్కల్లోనూ సన్నటి రంధ్రం చేసి లోపల పిన్నులా పెట్టి అతికాను. ఆ యాక్సిల్ ఇప్పటికీ గట్టిగానే ఉంది.

రెండో తప్పు: ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికాను. పొద్దున లేచి చూస్తే అద్దమంతా తెల్లటి మసక. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది. కిట్లకు వాడే అసలు జిగురు తీరు వేరు. అది రెండు ముక్కల అంచులను కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. ఒకరకంగా వెల్డింగే. కాకపోతే క్రోమ్ పూత ఉన్నచోట పనిచేయదు, ముందు పూత గీకేయాలి. ఏ పదార్థానికి ఏ అతుకు అన్నది పుస్తకంలో టేబుల్‌గా చదివితే మర్చిపోయాను. అద్దం పాడయ్యాక మర్చిపోలేదు.

మూడో తప్పు: నవ్వకండి. కట్టిన ఫ్రేమును బల్ల మీద పెడితే మూడు చక్రాలే ఆనాయి, నాలుగోది గాల్లో ఉంది. ఫ్రేము మెలి తిరిగిన స్థితిలోనే జిగురు ఆరిపోయింది. విడదీసి, ఈసారి అద్దపు పలక మీద పెట్టి, నాలుగు మూలలా బరువులు పెట్టి ఆరనిచ్చాను.

ఇక్కడే లెక్క ఒకటి చూడండి. కిట్టు స్కేలు 1/25. అసలు కారులో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 106 అంగుళాలు, అంటే సుమారు 2,692 మిల్లీమీటర్లు. 25తో భాగిస్తే మోడల్‌లో 107.7 మిల్లీమీటర్లు రావాలి. నా చేతిలో అర మిల్లీమీటరు తేడా వస్తే అసలు కారులో పన్నెండున్నర మిల్లీమీటర్ల తేడా వచ్చినట్టు. తలుపు మూసుకోదు. రంగు పొర 0.1 మిల్లీమీటరు మందం పడితే అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల రంగు పూసినట్టు. సన్నటి గీతలన్నీ పూడిపోతాయి. టాలరెన్స్ అనే మాట నాకు తలకెక్కింది ఆ రోజే.

నాలుగో తప్పు: రంగు. స్ప్రే డబ్బా కొని ఆగస్టులో, వాన వెలిసిన ఓ సాయంత్రం కొట్టాను. పది నిమిషాల్లో నల్లటి రంగు మీద పాలు చల్లినట్టు తెల్లబడింది. రంగులోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది రంగు మీద చేరి ఇలా చేస్తుంది. మన డెల్టాలో వానాకాలం తేమ సంగతి తెలిసిందేగా. బాగా ఆరబెట్టి, నీళ్లతో తడిపిన సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, ఎండ కాసిన రోజు మధ్యాహ్నం పలచటి పొరలుగా మళ్లీ కొట్టాను. అప్పటినుంచి రంగు వేసిన ప్రతిసారీ ఆ పూట గాలిలో తేమ ఎంతుందో ఫోన్లో చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. నా జీవితంలో మొదటి ప్రాసెస్ డేటా అదే.

బొమ్మ నుంచి ఆటోనగర్‌కు

ఫ్రేము మెలి తిరిగిన తర్వాత ఒక అనుమానం వచ్చింది. నేను పది సెంటీమీటర్ల ఫ్రేమునే సరిచూడలేకపోతే, లారీ బాడీ కట్టేవాళ్లు అంత పొడవు ఎలా సరిచూస్తారు? విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు వెళ్లి ఓ బాడీ బిల్డింగ్ షెడ్డులో అడిగాను. మేస్త్రీ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంజినీరింగు చదివావంటున్నావు, నీకు తెలీదా బాబూ?" అన్నాడు. ఆ తర్వాత చూపించాడు. ఈ మూల నుంచి ఆ మూలకు ఒక కొలత, ఆ రెండో మూల నుంచి ఇంకో కొలత. రెండూ సమానమైతే చట్రం చదరంగా ఉన్నట్టు. ఐదో తరగతి లెక్కల్లో ఉన్న దీర్ఘచతురస్రం కర్ణాలే. పలకలను బిగించే ముందు అన్నింటినీ ఊరికే ఆనించి చూసుకుంటారు, ఎక్కడ తేడా ఉందో అక్కడ సరిచేస్తారు, ఆ తర్వాతే బోల్టు. కిట్టు కట్టేవాళ్లు దీన్నే డ్రై ఫిట్ అంటారు.

ఛాసిస్, దానిమీద అడ్డ దూలాలు, ఆపైన అడుగు, పక్క గోడలు, క్యాబిన్, పట్టీ, ఉప్పుకాగితం, రంగు, చివర్న అక్షరాలు. నా కిట్టులో సూచనల కాగితం వరస కూడా దాదాపు ఇదే. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది. తెల్ల పొణికి చెక్కను ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండా నునుపు చేసి, ఆపైన రంగులేస్తారు. మక్కు మన ఊరి పట్టీ అన్నమాట.

ఇప్పుడీ పని ఇంకా దగ్గరికొచ్చింది. హనుమాన్ జంక్షన్ ఉన్న బాపులపాడు మండలంలోనే, మల్లవల్లి పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. 75 ఎకరాల స్థలం. పూర్తిస్థాయిలో నడిస్తే ఏడాదికి 4,800 బస్సుల సామర్థ్యమని సంస్థ ప్రకటించింది. షెడ్డులో మేస్త్రీ చేసే పనినే అక్కడ డ్రాయింగులు, ఫిక్చర్లు, తనిఖీ పట్టికలతో చేస్తారు. అలాంటి చోట ఇంటర్వ్యూకి కూర్చుంటే 'బాడీని ఏ వరసలో కడతారు, ఎందుకు?' అన్న ప్రశ్నకు మీ దగ్గర సొంత జవాబు ఉండాలా, వద్దా?

ఇంటర్వ్యూలో ఏం పనికొస్తుంది?

ఇక్కడ నిజం చెప్పాలి. కిట్టు కట్టినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. నాకూ ఇవ్వలేదు. ఆప్టిట్యూడ్ రాయాలి, సబ్జెక్టు చదవాలి, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. ఇవేవీ తప్పవు. రెజ్యుమెలో 'హాబీలు: స్కేల్ మోడలింగ్' అని ఒక్క ముక్క రాస్తే దానికి విలువ సున్నా. పనికొచ్చేది కిట్టు చుట్టూ మీరు చేసే పని.

నేను చేసినవి మూడు. ఒకటి, రోజూ ఏం చేశానో, ఏం చెడిందో, ఎలా సరిచేశానో ఫొటోలతో రాసుకున్నాను. రెండు, పాడైన అద్దం, ముందు యాక్సిల్ రెండింటినీ కొలిచి ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో గీశాను. మూడు, రెండు పేజీల రిపోర్టు తయారుచేశాను. 80 పేజీలు కాదు, రెండే. అందులో ప్రతి వాక్యం నాది.

తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూలో ఫలితం రాలేదు. రాతపరీక్షలోనే పోయింది. ఆ తర్వాతది హైదరాబాద్‌లో ప్లాస్టిక్ భాగాల డిజైన్ చేసే చిన్న సంస్థ. రాతపరీక్ష, క్యాడ్ టెస్టు గట్టెక్కాక ఒకావిడ అడిగారు, "ప్లాస్టిక్ డబ్బా గోడలు ఎందుకు వాలుగా ఉంటాయి?" అని. పైన గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. నేను డ్రాఫ్ట్ యాంగిల్ నిర్వచనం చెప్పలేదు. ఫోన్లో కిట్టు ముక్క ఫొటో తీసి చూపించి, పిన్నుల మచ్చలు, అచ్చు గీత, వాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాను. ఆవిడ రెండో ప్రశ్న, "నువ్వు చేసిన పెద్ద తప్పేంటి?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర నాలుగు జవాబులున్నాయి. ఇరవై నిమిషాలు మాట్లాడాం. ఆ ఉద్యోగం వచ్చింది.

మొదటి ఇంటర్వ్యూలో ఆయనడిగిన ప్రశ్న, ఆవిడడిగిన ప్రశ్న నిజానికి ఒకటే. కొన్న ప్రాజెక్టులో తప్పులుండవు. మనం చేసిన తప్పు అందులో ఒక్కటీ ఉండదు కాబట్టి, దాని గురించి చెప్పడానికీ ఏమీ ఉండదు.

ఈ దారిలో ఏమేం చదవొచ్చు?

సరదా కాస్త ఆసక్తిగా మారితే ముందుకు వెళ్లడానికి దారులున్నాయి.

* ప్లాస్టిక్స్, అచ్చులు: గన్నవరం దగ్గర సూరంపల్లిలో సిపెట్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ. పదో తరగతి తర్వాత డిప్లొమాల నుంచి, సైన్స్ డిగ్రీ వాళ్లకు పీజీ డిప్లొమా, మెకానికల్ డిప్లొమా వాళ్లకు మౌల్డ్ డిజైన్ లాంటి కోర్సులను సిపెట్ కేంద్రాలు నడుపుతాయి. ఏ కేంద్రంలో ఏది ఉందో ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో చూసుకోండి.

* వాహనాల డిజైన్: బీటెక్ అయ్యాక ఎం.డిజైన్ చేయాలంటే సీడ్ రాయాలి. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, సాధారణంగా జనవరిలో ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం కూడా ఈ స్కోరు చూస్తుంది. ఎన్ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో ట్రాన్స్‌పోర్టేషన్, ఆటోమొబైల్ డిజైన్ ఉంది. దానికి ఎన్ఐడీ సొంత పరీక్ష డ్యాట్. ఇలాంటి చోట్ల బొమ్మ గీయడం, చేత్తో నమూనా చేయడం రెండూ చూస్తారు.

* కాలేజీలో ఉండగానే: బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలో విద్యార్థులే ఒక్కరు నడిపే ఆఫ్‌రోడ్ బండిని డిజైన్ చేసి, కట్టి, నడుపుతారు. మీ కాలేజీలో జట్టు ఉంటే చేరండి. వెల్డింగ్ రాకపోయినా పర్లేదు, కొలతలు రాసే పనైనా అడిగి తీసుకోండి.

* వెంటనే మొదలుపెట్టగలిగేది: క్యాడ్. ఫ్రీక్యాడ్, బ్లెండర్ ఉచితం. మీ బైకు సైడ్ స్టాండు, ఇంట్లో కుళాయి పిడి.. ఏదో ఒకటి కొలిచి గీయండి.

డబ్బుల్లేకపోతే?

విదేశీ కిట్టు మన దగ్గర కొనాలంటే మూడు వేల పైమాటే ఉంటుంది. అప్పు చేసి కొనొద్దు. నా కిట్టు నాకు ఊరికే వచ్చింది, అందరికీ డల్లాస్ అన్నయ్య ఉండడు. స్టేషనరీ షాపులో దొరికే సన్‌బోర్డు లేదా గట్టి అట్టతో 1/25 స్కేలులో మన ఊరి లారీనో, ట్రాక్టర్ ట్రక్కునో కట్టండి. ఇంకా మంచిది కూడా. సూచనల కాగితం ఉండదు కాబట్టి డ్రాయింగూ మీరే గీయాలి. టేపు పట్టుకుని అసలు బండిని కొలిచి, 25తో భాగించి, కాగితం మీద మూడు వైపుల నుంచీ గీసి, ఆ తర్వాత కోయండి. ముందు బండి ఓనర్ని అడగడం మర్చిపోకండి.

మొదలుపెట్టేవాళ్లకు నాలుగు మాటలు:

1. కోసేముందు సూచనల కాగితాన్ని రెండుసార్లు పూర్తిగా చదవండి. ముక్కలను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి తేలిగ్గా ఊడటానికి వాడిన మందు మిగిలి ఉంటే రంగు పట్టదు.

2. ప్రతి అతుకునూ జిగురు లేకుండా ఒకసారి ఆనించి చూడండి.

3. బ్లేడు ఎప్పుడూ మీ వేళ్లకు దూరంగా కదలాలి. జిగురు, స్ప్రే వాడేటప్పుడు గాలి ఆడే చోట కూర్చోండి, మాస్కు పెట్టుకోండి. గ్యాస్ పొయ్యి దగ్గర అసలొద్దు.

4. రోజుకు గంట చాలు. పరీక్షల ప్రిపరేషన్ పక్కనపెట్టి దీని మీద కూర్చుంటే మీ నాన్నగారు అనే మాటకు నా దగ్గర జవాబు లేదు.

నా 1932 ఫోర్డు ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. అద్దం కాస్త మసకగానే ఉంటుంది, మార్చలేదు. ఇంటికొచ్చినవాళ్లకు నాన్నే తీసి చూపిస్తారు, "మావాడే కట్టాడు, ఈ యాక్సిల్ చూడండి, లోపల బ్రేకు తీగ ఉంది" అని. మొన్న పండక్కి వెళ్తే మా మేనత్త మనవడు, నూజివీడులో ఇంజినీరింగు మూడో సంవత్సరం, దాన్ని తిరగేసి మరగేసి చూసి అడిగాడు, "మామయ్యా, ఫైనలియర్ ప్రాజెక్టుకి మావాళ్లు డబ్బులు పోగేస్తున్నారు. ఇవ్వనా?" అని.

నేనేం చెప్పానో మీకు తెలిసే ఉంటుంది. మీ క్లాసులోనూ ఈపాటికి ఎవరో ఒకరు పోగేస్తూనే ఉంటారు. మీ వాటా ఇచ్చేముందు ఓ టేపు, ఓ నోటుబుక్కు కొని చూడండి.